ఒకే మట్టికి రెండు లిక్విడ్ లిమిట్‌లు: తేడా ఎక్కడ మొదలవుతుంది?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్తాను, కొత్తగా చదివేవాళ్లకూ తెలుస్తుంది. రోడ్డు కట్టకు వాడదామనుకున్న బంకమట్టిని ఒకే గుంటలోంచి తీసి రెండు ల్యాబ్‌లకు పంపారు. మొదటి ల్యాబ్ లిక్విడ్ లిమిట్ (మట్టి ద్రవంలా జారడం మొదలుపెట్టే తేమ శాతం) 56, ప్లాస్టిక్ లిమిట్ (దారంగా దొర్లిస్తే విరగడం మొదలయ్యే తేమ శాతం) 24 అని ఇచ్చింది. రెండోది 47, 25 అంది. దాంతో ఒక రిపోర్టులో మట్టి సీహెచ్ (లిక్విడ్ లిమిట్ 50 దాటిన, ఎక్కువ ప్లాస్టిసిటీ ఉన్న బంకమట్టి) అయింది, ఇంకో రిపోర్టులో సీఐ (50 లోపు, మధ్యస్థ ప్లాస్టిసిటీ ఉన్న బంకమట్టి) అయింది. ఇద్దరూ కాసాగ్రాండే పరికరంతో, భారతీయ ప్రమాణమైన ఐఎస్ 2720 ఐదో భాగం ప్రకారమే చేశామంటున్నారు. ఈ పరికరంలో తడి మట్టి ముద్దను కప్పులో పరిచి, మధ్యలో గాడి తీసి, కప్పును పదేపదే ఎత్తి పడేస్తారు; 25 దెబ్బలకు గాడి మూసుకునే తేమే లిక్విడ్ లిమిట్. ఏ రిపోర్టు నమ్మాలి, పైగా ష్రింకేజ్ లిమిట్ (మట్టి ఎండుతూ ఇక కుంచించుకుపోవడం ఆగే తేమ) కూడా చేయించాలా అన్నది మీ సందేహం.

సూటిగా చెప్పేస్తాను. ముందు అనుమానించాల్సింది తక్కువ వచ్చిన 47ను. ఆ ల్యాబ్‌లో మట్టిని ఓవెన్‌లో ఎండబెట్టి ఉంటారు, లేదా నీళ్లు కలిపి సరిపడా నాననివ్వకుండానే కప్పులో వేసి ఉంటారు. పరికరంలో లోపం కూడా తోడై ఉండొచ్చు గానీ, పరికరం ఒక్కటే ఇంత తేడా తెచ్చే అవకాశం తక్కువ. ఎందుకో లెక్కతో చూపిస్తాను. అయితే 56 కూడా పరీక్షకు నిలబడాల్సిందే. అది ఎక్కువ వచ్చింది కాబట్టే సరైనదని అనుకోవద్దు.

మీ అంకెల్లో నా కళ్లు మొదట వెళ్లింది ప్లాస్టిక్ లిమిట్ మీదకి. 24, 25 అంటే దాదాపు ఒకటే. రెండు ల్యాబ్‌లకూ వేర్వేరు మట్టి వెళ్లి ఉంటే, లేదా ఒకచోట ఇసుక బాగా కలిసిపోయి ఉంటే, ఆ రెండు అంకెలూ ఇంత దగ్గరగా రావడం కష్టం. కాబట్టి లిక్విడ్ లిమిట్‌ను గట్టిగా కదిలించి, ప్లాస్టిక్ లిమిట్‌ను పెద్దగా కదిలించని కారణం వెతకాలి. అలాంటివి రెండున్నాయి. ఒకటి కప్పు పరికరం, ఎందుకంటే ప్లాస్టిక్ లిమిట్‌కు దానితో పనే లేదు. రెండోది మట్టిని ఎండబెట్టి, నానబెట్టిన తీరు. దాని దెబ్బ లిక్విడ్ లిమిట్ మీదే ఎక్కువగా పడుతుంది.

ఇప్పుడు లెక్క. ఒకే పాయింటుతో లిక్విడ్ లిమిట్ అంచనా వేయడానికి అమెరికన్ ప్రమాణమైన ఏఎస్‌టీఎం డీ4318లో ఒక సూత్రం ఉంది: తేమ శాతాన్ని (దెబ్బలు ÷ 25)కు 0.121 ఘాతంతో గుణించాలి. దాన్నే ఇక్కడ వాడుదాం. తేమ 50 శాతం దగ్గర 25 దెబ్బలకు మూసుకోవాల్సిన గాడి 20 దెబ్బలకే మూసుకుందనుకోండి. 50 కాస్తా 48.7 అవుతుంది. అంటే ఐదు దెబ్బలు తప్పు పడినా పోయేది 1.3 మాత్రమే. మరి 56 బదులు 47 రావాలంటే? మొదటి ల్యాబ్‌లో 25 దెబ్బలు తీసుకున్న ముద్ద, రెండో ల్యాబ్ కప్పులో ఆరు దెబ్బలకే మూసుకోవాలి. ఈ సూత్రం 20 నుంచి 30 దెబ్బల మధ్యకే ఉద్దేశించింది కాబట్టి ఇది ఉజ్జాయింపు లెక్కే. అయినా ఒక పరికరం నాలుగు రెట్లు తేడాగా కొడుతుంటే రోజూ వచ్చే శాంపిళ్లలో ఎవరో ఒకరికి కనబడకపోదు. అందుకే నా వేలు ముందు ఓవెన్ వైపు చూపిస్తుంది.

ఓవెన్ ఏం చేస్తుంది?

బంకమట్టి రేణువులు రెండు మైక్రాన్ల కంటే చిన్నవి. వాటి ఉపరితలం అపారం, ఆ ఉపరితలమంతా నీటిని పట్టి ఉంచుతుంది. లిక్విడ్ లిమిట్ ఎక్కువగా రావడానికి అదే మూలం. 105 నుంచి 110 డిగ్రీల దగ్గర పూర్తిగా ఎండబెడితే ఆ రేణువులు గట్టి గుళికలుగా అతుక్కుపోతాయి. తర్వాత నీళ్లు పోసి కలిపితే నీరు గుళికల మధ్య చేరుతుందే తప్ప లోపలికి త్వరగా పోదు. బయట ఉన్న నీరు ముద్దను జారేలా చేస్తుంది, గాడి తక్కువ తేమకే మూసుకుంటుంది, లిక్విడ్ లిమిట్ తక్కువగా నమోదవుతుంది.

కొన్ని మట్టిల్లో ఈ మార్పు మళ్లీ వెనక్కి రాదు. సేంద్రియ పదార్థం ఉన్న మట్టి అందులో ముఖ్యమైనది. ఎంత ముఖ్యమంటే, ఆ మట్టిని గుర్తుపట్టడానికే ఈ మార్పును వాడుకుంటారు. ఓవెన్‌లో ఎండబెట్టాక వచ్చిన లిక్విడ్ లిమిట్, ఎండబెట్టకుండా చేసినదానిలో 0.75 వంతు కంటే తక్కువైతే అది సేంద్రియ మట్టి కిందికి వెళ్తుంది. హాలోసైట్, అల్లోఫేన్ ఖనిజాలున్న మట్టి కూడా ఇంతే, ఒకసారి ఎండితే గుణమే మారిపోతుంది. మీ విషయంలో 47ను 56తో భాగిస్తే 0.84 వస్తుంది. ఆ తేడా నిజంగా ఓవెన్ వల్లే వచ్చిందనుకున్నా, ఈ మట్టిని సేంద్రియమని అనడానికి అది చాలదు. గుళికలు సరిగ్గా విడిపోకపోవడం అన్నదే సరిపోయే వివరణ.

కాబట్టి లిక్విడ్ లిమిట్ కోసం మట్టిని నీడలో గాలికి ఆరబెట్టాలి. ఇంకా మంచి పద్ధతి, అసలు ఆరబెట్టకుండా సహజ తేమతోనే మొదలుపెట్టడం. ఓవెన్ ఉండాల్సింది పరీక్ష చివర్లో, తేమ శాతం తేల్చడానికి. జిప్సం ఉన్న మట్టికి అక్కడ కూడా జాగ్రత్త కావాలి. 110 డిగ్రీల దగ్గర జిప్సం తనలోని నీటిని కూడా వదిలేస్తుంది, దాన్ని మనం మట్టి తేమ అనుకుంటాం. 60 డిగ్రీల దగ్గర ఎక్కువసేపు ఉంచడం క్షేమం.

నానబెట్టడం గురించి ఐఎస్ పద్ధతి బంకమట్టికి 24 గంటలు చెప్తుంది, ఏఎస్‌టీఎం కనీసం 16 గంటలు అంటుంది. పని ఒత్తిడి ఉన్న ల్యాబ్‌లో మొదట కోత పడేది సరిగ్గా ఈ గంటలకే. ఉదయం శాంపిల్ వచ్చి సాయంత్రానికి రిపోర్టు బయటికి వెళ్లిందంటే అందులోని లిక్విడ్ లిమిట్‌ను నేను లెక్కలోకి తీసుకోను. శాంపిల్ అందిన తేదీ, పరీక్ష చేసిన తేదీ రెండూ రిపోర్టులో ఉంటాయి. ముందు అవి చూడండి.

ముద్ద సరిగ్గా నానిందా లేదా తెలుసుకోవడానికి పరికరమేమీ అక్కర్లేదు. స్పాట్యులా కొనతో కొంచెం ముద్ద తీసి గాజు పలక మీద పల్చగా, వెలుతురు కనబడేంత పల్చగా, ఒక్క ఈడ్పుతో పూయండి. నానిన బంకమట్టి సమంగా, నునుపుగా పరుచుకుంటుంది. నాననిదానిలో చిన్న చిన్న చుక్కలు, వాటి వెనకాల గీతలు కనబడతాయి. ఒక చుక్కను గోటితో నొక్కి చూడండి. కరకరలాడి నిలబడితే ఇసుక రేణువు, దానితో ఇబ్బంది లేదు. నలిగి జిగటగా అంటుకుంటే అది విడిపోని బంక గుళిక. అలాంటివి కనబడినంతసేపు ఆ ముద్దను కప్పులో వేయకూడదు. నేను కొత్తవాళ్లకు గాడి తీయడం కంటే ముందు ఇదే నేర్పిస్తాను.

జల్లెడ దగ్గర

పరీక్ష 425 మైక్రాన్ల జల్లెడ దిగిన భాగం మీదే జరుగుతుంది. పొడిగా జల్లిస్తే ఇసుక రేణువులకు పట్టుకున్న బంక, గట్టి గుళికల్లోని బంక జల్లెడ మీదే ఉండిపోతాయి. కింద పడిన పొడిలో బంక పాలు తగ్గుతుంది, లిక్విడ్ లిమిట్ కూడా తగ్గుతుంది. నీటితో కడుగుతూ జల్లిస్తే ఈ సమస్య ఉండదు. పొడిగా నలపాల్సి వస్తే రబ్బరు తొడుగున్న రోకలి వాడాలి, లేకపోతే గుళికలతో పాటు ఇసుక రేణువులే పగిలి పొడి అవుతాయి.

కడిగాక ఇంకో చిక్కుంది. అడుగుకు దిగాక పైన తేరిన నీళ్లు వంపేస్తే మట్టిలోని లవణాలు కూడా వాటితోనే పోతాయి. సముద్రపు బంకమట్టి లాంటివాటికి ఇది అంకెను మార్చేస్తుంది, ముఖ్యంగా సోడియం మాంట్‌మోరిల్లొనైట్ అనే ఉబ్బే బంక ఖనిజం ఉంటే. ఉప్పునీటిలో దాని లిక్విడ్ లిమిట్ బాగా పడిపోతుంది, మంచినీటిలో లేస్తుంది. తీరం దగ్గరి మట్టి విషయంలో రెండు ల్యాబ్‌లు ఇలాగే గొడవపడితే, చివరికి తేలింది ఒకరు తేరిన నీరు వంపేశారని, ఇంకొకరు గాలికి ఆరనిచ్చారని. ఇద్దరి పరికరాల్లోనూ ఏ లోపమూ లేదు. కలపడానికి డిస్టిల్డ్ వాటర్ వాడమనేది కూడా ఇందుకే.

ఇక పరికరం

ఆటర్‌బర్గ్ స్వీడన్‌కు చెందిన రసాయన శాస్త్రవేత్త. లిక్విడ్, ప్లాస్టిక్ లిమిట్ లాంటి ఈ హద్దుల్ని ఆయన 1911లో ప్రతిపాదించింది వ్యవసాయ నేలల కోసం. అప్పట్లో గిన్నెను చేత్తోనే కొట్టేవారు. చేతి దెబ్బ మనిషికొక రకంగా ఉంటుంది కాబట్టి 1932లో ఆర్థర్ కాసాగ్రాండే దాన్ని యంత్రంగా మార్చారు. దెబ్బ ఒకేలా పడటం కోసమే ఆ పరికరం పుట్టింది. దెబ్బ మారిపోతే ఇక అది ఇచ్చే అంకెకు అర్థం లేదు.

చూడాల్సినవి ఇవీ, అవి అంకెను ఏ వైపు నెడతాయో కూడా చెప్తాను. కప్పు సరిగ్గా 10 మిల్లీమీటర్ల ఎత్తు నుంచి పడాలి. ఎత్తు పెరిగితే గాడి త్వరగా మూసుకుంటుంది, లిక్విడ్ లిమిట్ తగ్గుతుంది. ఎత్తును కప్పు అంచు దగ్గర కాకుండా, కప్పు అడుగున అరిగి మెరిసే మచ్చ పడుతుంది చూడండి, అక్కడ కొలవాలి. అడుగు దిమ్మె రబ్బరు గట్టిపడితే కూడా లిక్విడ్ లిమిట్ తగ్గుతుంది. దాన్ని పరీక్షించడానికి ఏఎస్‌టీఎంలో చిన్న పద్ధతి ఉంది: 8 మిల్లీమీటర్ల ఉక్కు గుండును 254 మిల్లీమీటర్ల ఎత్తు నుంచి వదిలితే అది 77 నుంచి 90 శాతం ఎత్తుకు ఎగరాలి. గాడి తీసే గ్రూవింగ్ టూల్ కొన 2 మిల్లీమీటర్లుండాలి. అరిగి వెడల్పయితే గాడి వెడల్పవుతుంది, మూయడానికి ఎక్కువ దెబ్బలు కావాలి, లిక్విడ్ లిమిట్ పెరుగుతుంది. మొదటి ల్యాబ్‌లో చూడాల్సింది ఈ కొననే, 56 కొంత పెరిగి వచ్చి ఉంటే ఇక్కడే దొరకొచ్చు. వేగం సెకనుకు రెండు దెబ్బలు. నెమ్మదిగా తిప్పితే మధ్యలో ముద్ద ఆరుతుంది.

గాడి మూసుకోవడంలో కూడా కన్ను కావాలి. రెండు వైపుల మట్టీ కిందికి ప్రవహించి అడుగున సుమారు 12 మిల్లీమీటర్ల పొడవునా కలవాలి. ఒండ్రు లాంటి తక్కువ బంక ఉన్న మట్టిలో సగం ముద్ద మొత్తం కప్పు మీద జారి ఎదుటి సగాన్ని తాకుతుంది. బయటికి రెండూ మూసుకున్నట్టే కనబడతాయి. జారిన ముద్ద బయటి అంచు కప్పు మీద తన చోటు వదిలి ఉంటుంది, అది చూస్తే తెలిసిపోతుంది. ఆ లెక్క తీసేసి, ఇంకొంచెం నీరు కలిపి మళ్లీ చేయాలి. ఎన్నిసార్లు చేసినా జారుతూనే ఉంటే ఆ మట్టి నాన్ ప్లాస్టిక్, అంతే రాయాలి. బలవంతంగా అంకె ఇవ్వకూడదు.

పాయింట్లు కనీసం నాలుగు, 15 నుంచి 35 దెబ్బల మధ్య, 25కు అటూ ఇటూ ఉండాలి. పొడి వైపు నుంచి తడి వైపుకు వెళ్లాలి. నీళ్లు ఎక్కువైతే పొడి మట్టి చల్లడం అస్సలు చేయకూడదు, ఎందుకంటే చల్లిన పొడి నానని మట్టి. మళ్లీ మొదటి సమస్యకే వస్తాం. అందుకే రిపోర్టులో చివరి అంకె ఒక్కటే కాకుండా ఫ్లో కర్వ్ (దెబ్బలకూ తేమకూ గీసిన గీత), దెబ్బలు, కంటైనర్ల బరువులు అడిగి తీసుకోండి. సెమీ లాగ్ కాగితం మీద నాలుగు పాయింట్లు గీతకు దగ్గరగా పడితే కలపడం సమంగా జరిగిందని అర్థం. చెల్లాచెదురుగా ఉంటే ఆ ముద్ద ఒక్కోచోట ఒక్కోలా ఉందన్నమాట. నాలుగూ గీత మీద అచ్చు గుద్దినట్టు పడినా నేను బరువులు తిరగేసి చూస్తాను.

ప్లాస్టిక్ లిమిట్ కలిసింది కదా అని వదిలేయకండి

ఇది పూర్తిగా చేతిపని. ముద్దను గాజు పలక మీద వేళ్లతో దొర్లించి 3 మిల్లీమీటర్ల దారంగా చేస్తాం, ఆ మందం దగ్గర పగుళ్లొచ్చి విరిగే తేమే ప్లాస్టిక్ లిమిట్. దారం ఎండి విరగాలి, వేలి ఒత్తిడికి విరగకూడదు. అరచేతితో నొక్కేవాళ్ల చేతిలో దారం చదునై, మధ్యలో బోలుగా మారి ముందే తెగుతుంది, అంకె ఎక్కువ వస్తుంది. వేళ్ల మెత్తటి భాగంతో, దారం పొడవునా ఒకే ఒత్తిడితో, నిమిషానికి 80, 90 ఊపుల చొప్పున దొర్లించాలి. 3 మిల్లీమీటర్లకు వచ్చినా విరగలేదంటే తేమ ఇంకా ఉంది. మళ్లీ ముద్ద చేసి పిసికి మళ్లీ దొర్లించాలి. మంచి బంకమట్టి పొడిపొడి కాదు, పీపా ఆకారపు చిన్న ముక్కలుగా విరుగుతుంది. ఒండ్రు కలిసిన మట్టి ఒక్కసారిగా రాలిపోతుంది. ఈ రెండు విరుగుళ్లూ కంటితో చూసినవాళ్లకే తేడా తెలుస్తుంది, కాబట్టి పక్కన అనుభవమున్న మనిషి ఉండి నేర్పాలి. పక్కన 3 మిల్లీమీటర్ల లోహపు పుల్ల పెట్టుకోవడం తప్పనిసరి.

తూకంలో చిన్న తప్పు ఇక్కడ పెద్దదవుతుంది. పొడి బరువు 4.8 గ్రాములు, నీరు 1.2 గ్రాములైతే తేమ 25 శాతం. విరిగిన ముక్కల్ని మూత పెట్టకుండా వదిలేసి, తూచేలోపు 0.05 గ్రాము ఆరిపోయిందనుకోండి, అది 24 శాతానికి దిగుతుంది. మీ రెండు ల్యాబ్‌ల మధ్య ఉన్న తేడా అంతే. కాబట్టి 24, 25ల గురించి వాదించుకోవాల్సిన పని లేదు.

మీరిప్పుడు ఏం చేయాలంటే

గుంటలోంచి కొత్తగా మట్టి తీసి, బాగా కలిపి, క్వార్టరింగ్ చేసి (కుప్పను నాలుగు పాళ్లు చేసి ఎదురెదురు పాళ్లు తీసుకుని) మూడు భాగాలు చేయండి. ఒకటి సహజ తేమతో, ఒకటి గాలికి ఆరబెట్టి, ఒకటి ఓవెన్‌లో ఎండబెట్టి. మూడింటినీ ఒకే ల్యాబ్‌లో, ఒకే మనిషి, ఒకే పరికరం మీద, 24 గంటలు నానబెట్టి చేయాలి. మొదటి రెండూ 55 చుట్టుపక్కల వచ్చి మూడోది కిందికి దిగితే మీ సమాధానం దొరికినట్టే. మూడూ ఒకచోటే వస్తే, అప్పుడు అదే నానిన ముద్దను మూతపెట్టి రెండో ల్యాబ్‌కు తీసుకెళ్లి వాళ్ల కప్పులో వేయించండి. మట్టి తయారీ ఒకటే కాబట్టి మిగిలిన తేడా పరికరానిది. వీలుంటే కోన్ పద్ధతి కూడా చేయించండి: 80 గ్రాముల కోన్ ఐదు సెకన్లలో 20 మిల్లీమీటర్లు దిగే తేమ. చేతి ప్రమేయం తక్కువ కాబట్టి ఇలాంటి వివాదాల్లో నేను దానివైపే మొగ్గుతాను. మీ మట్టి స్థాయిలో కప్పు, కోన్ దగ్గరగానే వస్తాయి. లిక్విడ్ లిమిట్ వంద దాటిన మట్టిల్లో మాత్రం కప్పు ఎక్కువ చూపిస్తుంది.

వర్గీకరణ విషయానికొస్తే, బంకమట్టిని ఒండ్రు నుంచి వేరుచేసే గీత అయిన ఏ లైన్ సూత్రం 0.73 × (లిక్విడ్ లిమిట్ − 20). 56కు అది 26.3, మీ ప్లాస్టిసిటీ ఇండెక్స్ (లిక్విడ్, ప్లాస్టిక్ లిమిట్‌ల తేడా) 32. 47కు 19.7, ఇండెక్స్ 22. రెండూ గీతకు పైనే ఉన్నాయి, అంటే ఇది బంకమట్టి అన్నదాంట్లో గొడవ లేదు. గొడవంతా 50 దగ్గరున్న గీత ఎటువైపు అన్నదే. 50కి అటూ ఇటూ ఉన్న మట్టి ఒక్కసారిగా గుణం మార్చుకోదు. మీ అసలు భయం ఉబ్బడం గురించైతే దాన్నే నేరుగా కొలవండి. ఐఎస్ 2720 నలభయ్యో భాగంలోని ఫ్రీ స్వెల్ ఇండెక్స్ చాలా సులువు: పది గ్రాముల చొప్పున రెండు భాగాలు, ఒకటి నీటిలో, ఒకటి కిరోసిన్‌లో, 24 గంటల తర్వాత ఘనపరిమాణాల తేడా చూడటమే. మళ్లీ తేల్చేదాకా మట్టిని సీహెచ్ అనుకునే డిజైన్ చేయండి. తప్పయితే కొంత ఖర్చు ఎక్కువవుతుంది, సీఐ అనుకుని తప్పయితే కట్ట పగుళ్లిస్తుంది.

ష్రింకేజ్ లిమిట్ సంగతి. కట్ట మీద ఎండాకాలపు పగుళ్ల గురించి ఆలోచిస్తుంటే పనికొస్తుంది, లేకపోతే ఈ వివాదం తేల్చడానికి దానితో అవసరం లేదు. చేయిస్తే మాత్రం ఒక్క షరతు పెట్టండి: పాదరసంతో వద్దు, మైనం పూసి నీటిలో తూచే పద్ధతిలో చేయమనండి. పాదరసపు పద్ధతిని ఏఎస్‌టీఎం 2008లోనే ఉపసంహరించింది. పాదరసపు ఆవిరి కంటికి కనబడదు, వాసన రాదు, మూసిన గదిలో రోజూ ఆ గాలి పీల్చేది పరీక్ష చేసే కుర్ర టెక్నీషియన్లే. మీరు పంపే ల్యాబ్‌లో ఇంకా పాదరసం గిన్నె బల్ల మీద కనబడితే వాళ్లకు ఈ మాట చెప్పండి.